అమెరికా సైనిక కోర్సుకు విదేశీ అధికారిని సిద్ధం చేయడం: ఎంపిక నుంచి తిరుగు ప్రయాణం దాకా

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, ఫోర్ట్ లెవెన్‌వర్త్‌లో ఉన్న కమాండ్ అండ్ జనరల్ స్టాఫ్ కాలేజీ 1894 నుంచి ఇతర దేశాల అధికారులను విద్యార్థులుగా చేర్చుకుంటోంది. పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ఆర్మీ వార్ కాలేజీ, రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌లో నేవల్ వార్ కాలేజీ, అలబామాలోని మాంట్‌గోమరీలో ఎయిర్ యూనివర్సిటీ, కాలిఫోర్నియాలోని మాంటెరేలో నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్ కూడా విదేశీ విద్యార్థులను తీసుకునేవే. మన జనరల్ బిపిన్ రావత్ లెవెన్‌వర్త్‌లోనూ, జనరల్ వి.కె. సింగ్ కార్లైల్‌లోనూ చదువుకున్నారు. ఇలా వెళ్లిన ప్రతి అధికారి వెనుకా ఆయన దేశపు సైనిక ప్రధాన కార్యాలయంలో ఒక శిక్షణ విభాగం, అక్కడి అమెరికా రాయబార కార్యాలయంలో ఇలాంటి శిక్షణ వ్యవహారాలు చూసే ఒక భద్రతా సహకార కార్యాలయం నెలల తరబడి పనిచేసి ఉంటాయి. ఈ మార్గదర్శి ముఖ్యంగా ఆ శిక్షణ విభాగంలో కొత్తగా చేరినవారి కోసం రాస్తున్నాను. ఎంపికైన అధికారికీ, ఆయన కుటుంబానికీ కూడా ఇందులో పనికొచ్చే విషయాలు ఉన్నాయి.

నేను ఈ పని చేసిన కాలంలో కోర్సు మధ్యలో చదువు రాక వెనక్కి వచ్చినవారి కన్నా, కాగితాల్లో తేడా వల్లో, ఆంగ్లం వినడంలో తడబాటు వల్లో, కోర్సుకు రమ్మని అమెరికా ఇచ్చే ఆహ్వాన ప్రయాణ ఉత్తర్వులో ఏముందో తెలియకపోవడం వల్లో ఇబ్బంది పడినవారినే ఎక్కువగా చూశాను. అందువల్ల ఈ మూడింటి గురించి విస్తారంగా చెప్పి, మిగిలినవాటిని అవసరమైన మేరకే చెబుతాను.

మొదట: ఖర్చు ఎవరిదో తెలుసుకోండి

అమెరికా సైనిక శిక్షణకు విదేశీయులు ప్రధానంగా రెండు దారుల్లో వెళతారు. మొదటిది 1976లో అమెరికన్ కాంగ్రెస్ చట్టం ద్వారా ఏర్పడిన అంతర్జాతీయ సైనిక విద్య, శిక్షణ కార్యక్రమం. దీన్ని అందరూ ‘ఐమెట్’ అంటారు. దీని నిధులు అమెరికా విదేశాంగ శాఖవి, నిర్వహణ రక్షణ శాఖది. రెండవది ‘ఎఫ్‌ఎంఎస్’, అంటే ఒక దేశం తన సొంత డబ్బుతో శిక్షణను కొనుక్కోవడం. యుద్ధ విమానాలో రాడార్లో కొన్న దేశం వాటిని నడిపేవారికీ, మరమ్మతు చేసేవారికీ శిక్షణను ఈ దారిలోనే తీసుకుంటుంది.

విద్యార్థికి ఈ తేడా తెలిసి ఉండాలి. జీవన భత్యం, విమాన టికెట్, వైద్య ఖర్చు ఎవరు భరిస్తారన్నది దారిని బట్టి మారుతుంది. ఐమెట్‌లో కూడా ప్రయాణ ఖర్చును, భత్యాన్ని స్వదేశమే భరించే ఏర్పాటు కొన్ని దేశాలకు ఉంటుంది. పక్క గదిలో ఉండే వేరే దేశపు అధికారికి వస్తున్నదే తనకూ వస్తుందని అనుకుని వెళ్లిన విద్యార్థి మొదటి వారంలోనే నిరాశ పడతాడు. ఆ నిరాశ చదువు మీద పడుతుంది.

ఏడాది ముందే మొదలుపెట్టండి

కోర్సుల సీట్లు ఏడాదికోసారి జరిగే ప్రణాళిక సమావేశాల్లో ఖరారవుతాయి. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది కాబట్టి మన ఏప్రిల్ లెక్కలతో దాన్ని కలపకండి. సీటు ఖరారైన వారంలోనే అధికారిని ఎంపిక చేయండి. ఆయనతో పాటు ఒక ప్రత్యామ్నాయ అభ్యర్థిని కూడా ఎంపిక చేసి, ఇద్దరి కాగితాలనూ సమానంగా ముందుకు నడపండి. మొదటి అభ్యర్థికి ఆరోగ్యం బాగుండకపోయినా, అత్యవసరంగా బదిలీ అయినా, పరిశీలన పూర్తయిన ప్రత్యామ్నాయ అభ్యర్థి చేతిలో లేకపోతే సీటు పోతుంది. ఖాళీగా పోయిన సీటు ఆ ఏడాదికి తిరిగి రాదు.

ఎంపికలో కోర్సు వివరణను నిజంగా చదవాలి. కోర్సుకు ఏ హోదా కావాలి, ఎన్నేళ్ల అనుభవం కావాలి, ముందుగా ఏ కోర్సు పూర్తి చేసి ఉండాలి, ఆంగ్లంలో ఎన్ని మార్కులు కావాలి అన్నవి అందులో ఉంటాయి. వరుసలో ముందున్నాడు కదా అని ఒకరిని, సెలవు బాకీ ఉంది కదా అని ఇంకొకరిని పంపడం ఆ అధికారికే అన్యాయం. తిరిగి వచ్చాక ఆ విద్యను వాడే పోస్టులో ఆయన కొంతకాలమైనా ఉండాలన్నది ఈ కార్యక్రమంలో పంపే దేశం నుంచి ఆశించే విషయం. ఏడాదిలో పదవీ విరమణ చేయబోయే వ్యక్తిని అందుకే ఎంపిక చేయకూడదు.

పేరు, పుట్టిన తేదీ

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ నేను చూసిన ఆలస్యాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టాయి. నామినేషన్ పత్రం, మానవ హక్కుల పరిశీలన, పాస్‌పోర్టు, వీసా, ఆహ్వాన ప్రయాణ ఉత్తర్వు, విమాన టికెట్, ఈ ఆరింటిలోనూ పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. పాస్‌పోర్టులో ఎలా ఉందో అదే ప్రమాణం. సర్వీసు రికార్డులో ఉన్న పేరు ఎంత పాతదైనా, ఎంత ప్రసిద్ధమైనా ఇక్కడ చెల్లదు.

తెలుగువారి పేర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, అమెరికా వారి ఇంటిపేరు చివర వస్తుంది. కొత్తపల్లి వెంకట సత్యనారాయణ రావు అనే అధికారి ఉన్నారనుకోండి. దళంలో ఆయన ‘కె.వి.ఎస్. రావు’గానో, ‘మేజర్ రావు’గానో అందరికీ తెలుసు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ‘కొత్తపల్లి’, అసలు పేరు గడిలో మిగిలిన మూడు పదాలు ఉంటాయి. నామినేషన్ పత్రాన్ని అలవాటు కొద్దీ ‘రావు’ ఇంటిపేరుగా, పొడి అక్షరాలతో నింపితే, అవతలి కంప్యూటరుకు వీరు ఇద్దరు వేర్వేరు మనుషులు. కొందరి పాస్‌పోర్టుల్లో పేరంతా ఒకే గడిలో ఉండి రెండోది ఖాళీగా ఉంటుంది. అప్పుడు అమెరికా వీసాలో ఆ పేరంతా ఇంటిపేరుగా పడి, అసలు పేరు చోట ‘తెలియదు’ అనే అర్థం వచ్చే మూడక్షరాల సంకేతం పడుతుంది. బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడూ, డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేటప్పుడూ దానివల్ల తలనొప్పి తప్పదు. పాస్‌పోర్టును సరిచేయించుకునే వ్యవధి ఉండగానే, అంటే ఎంపిక జరిగిన మొదటి వారంలోనే, ఈ రెండు గడులనూ మీ కళ్లతో చూడండి.

తేదీలదీ ఇదే కథ. 05-08-1989 అని రాస్తే మనం ఆగస్టు 5 అని చదువుతాం, అమెరికన్ మే 8 అని చదువుతాడు. ప్రతి పత్రంలోనూ నెలను అక్షరాల్లో రాయడం తప్పనిసరి నియమంగా పెట్టుకోండి. ఒకసారి నేను చూస్తున్న దస్త్రంలోనే ఒక అధికారి పుట్టిన తేదీ ఇలా తారుమారైంది. పరిశీలన ఒక తేదీతో పూర్తయింది, వీసా దరఖాస్తు ఇంకో తేదీతో వెళ్లింది. అది సరిదిద్దించుకునేలోగా కోర్సులో చేరవలసిన గడువు దాటిపోయింది. ఆ అధికారికి మళ్లీ ఆ అవకాశం రాలేదు. ఆ దస్త్రం మీద నా సంతకం కూడా ఉంది. అప్పటి నుంచి పేరు, తేదీ, పుట్టిన ఊరు ఉన్న ఒకే ఒక్క కాగితాన్ని తయారుచేసి, దాని మీద అధికారి చేత సంతకం పెట్టించి, తర్వాతి ప్రతి పత్రాన్నీ దాన్నే చూసి నింపే పద్ధతి పాటించాను. మీరూ పాటించండి.

మానవ హక్కుల పరిశీలన, భద్రతా పరిశీలన

సెనేటర్ పాట్రిక్ లేహీ పేరుతో పిలిచే చట్టం 1997 నుంచి అమల్లో ఉంది. తీవ్రమైన మానవ హక్కుల ఉల్లంఘనకు పాల్పడ్డారని నమ్మదగిన సమాచారం ఉన్న విదేశీ భద్రతా దళాలకు అమెరికా సహాయం అందకూడదన్నది దాని సారాంశం. శిక్షణ కూడా సహాయమే కాబట్టి ప్రతి విద్యార్థినీ, ఆయన పనిచేసే దళాన్నీ రాయబార కార్యాలయమూ, వాషింగ్టన్‌లోని విదేశాంగ శాఖా పరిశీలిస్తాయి. దళం పేరును పొట్టి అక్షరాల్లో కాకుండా పూర్తిగా రాయాలి. ఇటీవల బదిలీ అయి ఉంటే పాత, కొత్త దళాలు రెండూ రాయాలి.

2019 డిసెంబరు 6న ఫ్లోరిడాలోని పెన్సకోలా నౌకాదళ విమాన స్థావరంలో, శిక్షణలో ఉన్న సౌదీ వైమానిక దళ అధికారి ఒకరు కాల్పులు జరిపి ముగ్గురు అమెరికన్ నావికులను చంపాడు. ఆ తర్వాత విదేశీ సైనిక విద్యార్థులందరి నేపథ్య పరిశీలన మరింత కఠినమైంది. వారు సొంతంగా తుపాకులు, తూటాలు కలిగి ఉండడంపై ఆంక్షలు వచ్చాయి. దీన్ని విద్యార్థికి దాచకుండా చెప్పండి. తనను అనుమానిస్తున్నారని బాధపడే అధికారులు ఉంటారు. ఈ నియమం ఎందుకు వచ్చిందో, ముగ్గురు యువకులు ఎలా పోయారో తెలిస్తే ఆ బాధ తగ్గుతుంది. వేటకు వెళదాం రమ్మని స్థానిక మిత్రుడు పిలిచినా, తన కళాశాలలోని విదేశీ విద్యార్థుల కార్యాలయాన్ని అడగకుండా తుపాకీ ముట్టుకోవద్దని స్పష్టంగా చెప్పండి.

ఈ పరిశీలనలకు ఎన్ని వారాలు పడతాయో ఎవరూ హామీ ఇవ్వరు. అందుకే టికెట్టు చివర, పరిశీలన మొదట.

ఆంగ్లం: చదవడం వేరు, వినడం వేరు

అమెరికా కోర్సుల్లో చాలావాటికి ‘ఈసీఎల్’ అనే ఆంగ్ల అవగాహన పరీక్షలో నిర్ణీత మార్కులు కావాలి. మొత్తం 100. కోర్సును బట్టి 70, 80, 85 ఇలా అవసరమైన స్థాయి మారుతుంది. అన్నీ ఇచ్చిన జవాబుల్లోంచి సరైనదాన్ని ఎంచుకునే ప్రశ్నలే, వాటిలో ఎక్కువ భాగం విని జవాబు గుర్తించవలసినవి. విమాన చోదక శిక్షణ వంటి కొన్నింటికి ముఖాముఖి మౌఖిక పరీక్ష కూడా ఉంటుంది. ఆంగ్లం బాగా వాడుకలో ఉన్న కొన్ని దేశాలకు ఈ పరీక్ష నుంచి పూర్తిగానో కొంతమేరకో మినహాయింపు ఉంది. మీ దేశం ఏ జాబితాలో ఉందో భద్రతా సహకార కార్యాలయాన్ని అడిగి తెలుసుకోండి. స్వదేశంలో రాసిన పరీక్ష మార్కులకు 105 రోజుల కాలపరిమితి ఉంటుంది కనుక మరీ ముందుగా రాయించినా ఉపయోగం లేదు.

మార్కులు చాలనివారు టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో, లాక్‌ల్యాండ్ స్థావరంలో ఉన్న డిఫెన్స్ లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్ ఆంగ్ల భాషా కేంద్రానికి ముందుగా వెళతారు. మార్కులు సరిపోయినా, విమానయానం, వైద్యం వంటి రంగాల ప్రత్యేక పదజాలం కోసం సాధారణంగా 9 వారాల పాటు అక్కడే చదవవలసిన కోర్సులూ ఉన్నాయి. అక్కడికి వెళ్లడాన్ని కొందరు అధికారులు అవమానంగా భావిస్తారు. అది సరైన ఆలోచన కాదు. వేర్వేరు దేశాల సైనికులు ఒకే తరగతిలో కూర్చుని తప్పులు మాట్లాడుతూ నేర్చుకునే ఆ వారాల్లో ఏర్పడిన స్నేహాలు ఆ తర్వాతి కఠినమైన కోర్సులో ఆసరాగా నిలుస్తాయి.

ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పాలి. స్వదేశంలో జరిగే పరీక్షలో ఎవరికీ సాయం చేయకండి, పాత ప్రశ్నల కోసం వెతకకండి. అమెరికా చేరాక అదే తరహా పరీక్ష మళ్లీ పెట్టే అవకాశం ఉంది. ఇక్కడ ఉదారంగా వేసిన 15 మార్కులు అక్కడ నెలల ఆలస్యంగానో, కోర్సు రద్దుగానో, ఒక మనిషి తలవంపుగానో తిరిగివస్తాయి.

మన దేశపు అధికారులకు ఆంగ్లం వచ్చు కదా అని అనుకునేవారికి ఒక వివరణ. రాయడం, చదవడం వచ్చు, నిజమే. తరగతిలో టెక్సాస్ యాసలో, మిసిసిపీ యాసలో వేగంగా మాట్లాడే శిక్షకుడిని, మధ్యలో బేస్‌బాల్ నుంచి తెచ్చిన నుడికారంతో జవాబిచ్చే తోటి విద్యార్థిని అర్థం చేసుకోవడం వేరే విద్య. దీనికి నేను చేయించిన సాధన ఇది. ఆరు నెలల పాటు రోజూ 40 నిమిషాలు, అమెరికన్ రేడియో వార్తలనో, సైనిక ఉపన్యాసాన్నో, అక్షరాలు కింద కనిపించకుండా వినాలి. విన్నదాన్ని తెలుగులో కాక ఆంగ్లంలోనే మూడు వాక్యాల్లో చెప్పాలి. మరునాడు అదే ఉపన్యాసాన్ని రాతప్రతి చూస్తూ వింటూ, నిన్న జారిపోయిన మాటలను గుర్తుపెట్టుకోవాలి. వారానికి రెండుసార్లు ఫోనులో మాట్లాడే సాధన చేయాలి, ఎందుకంటే అవతలి మనిషి పెదవులు కనిపించనప్పుడే వినికిడి బలహీనత బయటపడుతుంది. భద్రతా సహకార కార్యాలయం ద్వారా ‘అమెరికన్ లాంగ్వేజ్ కోర్స్’ పాఠ్య పుస్తకాలు, వాటి శబ్ద పాఠాలు దొరికితే అవే అన్నిటికన్నా మేలు, లాక్‌ల్యాండ్‌లో చెప్పేవి కూడా అవే కాబట్టి.

కొలతలు కూడా భాషలో భాగమే. మైళ్లు, పౌండ్లు, ఫారెన్‌హీట్ డిగ్రీలు చెవికి అలవాటు కావాలి. వంద డిగ్రీలు అంటే అక్కడ మన 38కి దగ్గర అని లెక్క వేసుకోకుండానే తట్టాలి. మనం కింది అంతస్తు అనేదాన్ని వారు మొదటి అంతస్తు అంటారు. మొదటి రోజు తరగతి గది వెతుక్కునేటప్పుడు ఇది అవసరమవుతుంది.

వైద్య పరీక్షలు

ప్రయాణానికి ముందు మూడు నెలల్లోపు పూర్తి వైద్య పరీక్ష జరగాలి. ఛాతీ ఎక్స్‌రే, క్షయ, హెచ్‌ఐవీ పరీక్షలు ఇందులో ఉంటాయి. పంటి వైద్యాన్ని నిర్లక్ష్యం చేయకండి. అమెరికాలో పంటి వైద్యం చాలా ఖరీదైనది, అత్యవసరం కాని చికిత్సకు డబ్బు ఎవరూ ఇవ్వరు. కదిలే పన్నును ఇక్కడే తీయించుకుని, కళ్లజోడు రెండోది తయారు చేయించుకుని, రోజూ వాడే మందులను వైద్యుడి చీటీతో, మందు అసలు రసాయన పేరుతో సహా తీసుకెళ్లమని చెప్పండి. మన మందుల దుకాణంలో దొరికే బ్రాండ్ పేరు అక్కడ ఎవరికీ తెలియదు. శారీరక దారుఢ్యం అవసరమైన కోర్సులకు ఆ ప్రమాణాలను ముందే తెప్పించి, ఎంపికైన రోజు నుంచే సాధన మొదలుపెట్టించాలి.

ఆహ్వాన ప్రయాణ ఉత్తర్వు: వాక్యం వాక్యం చదివించండి

అందరూ ఐటీఓ అనే ఈ ఉత్తర్వు లేకుండా విద్యార్థిని ఏ అమెరికన్ పాఠశాలా చేర్చుకోదు. రక్షణ శాఖ 2285వ నంబరు ఫారంగా వచ్చే ఈ కాగితాన్ని చాలామంది టికెట్టులాగా చూస్తారు. నిజానికి ఇది అమెరికా ప్రభుత్వానికీ, విద్యార్థి దేశానికీ, విద్యార్థికీ మధ్య ఉన్న ఒప్పందం. ఏ కోర్సులు, ఏ వరుసలో, ఎక్కడ, ఏ తేదీల్లో. ఆంగ్లంలో ఎన్ని మార్కులు కావాలి. వైద్య ఖర్చు ఎవరిది. కుటుంబం వెంట రావచ్చా. ఎన్ని సామాన్ల పెట్టెలకు అనుమతి ఉంది. కోర్సు తర్వాత సెలవు ఉందా. ఏ షరతులకు విద్యార్థి కట్టుబడాలి, ఇవన్నీ ఇందులోనే ఉంటాయి.

నా పద్ధతి ఏమిటంటే, అధికారిని ఎదురుగా కూర్చోబెట్టి, కాగితాన్ని ఆయన చేతికే ఇచ్చి, ‘కుటుంబాన్ని తీసుకెళ్లవచ్చా? జవాబు ఏ గడిలో ఉంది? కోర్సు అయ్యాక న్యూయార్క్‌లో ఉన్న మీ చెల్లెలి ఇంట్లో పది రోజులు ఉండవచ్చా? ఏ వాక్యం ఆ మాట చెబుతోంది?’ అని అడిగేవాడిని. జవాబులు మనమే చెప్పేస్తే ఆయన వింటాడు, మరిచిపోతాడు. తానే వెతికి కనుక్కున్నవి మరిచిపోడు. అమెరికాలో బంధువులు లేని తెలుగు కుటుంబం ఈ రోజుల్లో అరుదు, కాబట్టి సెలవు ప్రశ్న తప్పక వస్తుంది. ఉత్తర్వులో అనుమతి లేని సెలవు లేదు, అంతే.

ఏ మార్పు జరిగినా, కోర్సు తేదీ మారినా, హోదా పెరిగినా, భార్యాబిడ్డలు చేరినా, సవరణ ఉత్తర్వు రావాలి. ఫోనులో చెప్పారు, ఈమెయిల్‌లో సరేనన్నారు అన్నవి చెల్లవు. అసలు ఉత్తర్వుకూ, ప్రతి సవరణకూ పది కాపీలు చేతి సంచిలో ఉండాలి. పెద్ద పెట్టెలో పెడితే, పెట్టె వేరే ఊరికి వెళ్లిన రోజున మనిషి ఆధారం లేకుండా నిలబడతాడు.

పాస్‌పోర్టు, వీసా, టికెట్

ఉత్తర్వు మీద వెళ్లే సైనిక విద్యార్థికి ఏ-2 తరగతి వీసా ఇస్తారు. భారత అధికారి అయితే తెల్లని అట్ట ఉన్న అధికారిక పాస్‌పోర్టు, విదేశాంగ మంత్రిత్వ శాఖ నుంచి దౌత్య లేఖ కావాలి. కొందరి దగ్గర అమెరికా పర్యాటక వీసా ముందే ఉంటుంది. దానితో వెళ్లడం తప్పు. దిగాక సరిహద్దు అధికారి ఏ తరగతిలో ప్రవేశం ఇచ్చాడో చూపే ఐ-94 నమోదును అదే రోజు ఆన్‌లైన్‌లో చూసుకోమని, ఏ-2 కాకుండా వేరేది పడి ఉంటే వెంటనే కళాశాల విదేశీ విద్యార్థుల కార్యాలయానికి చెప్పమని నేర్పండి.

టికెట్ విషయంలో ఒక్కటే గుర్తుంచుకోవాలి. ఉత్తర్వులో చెప్పిన తేదీకి ముందు చేరినా, తర్వాత చేరినా బస, భత్యం విషయంలో ఇబ్బందే. ప్రయాణ వివరాలు, ఏ విమానం, ఏ సమయం, వెంట ఎవరు అన్నవి వారాల ముందే కళాశాలకు చేరేలా చూడండి. చిన్న ఊరి విమానాశ్రయంలో ఆదివారం రాత్రి దిగిన విద్యార్థిని తీసుకెళ్లడానికి ఎవరో ఒకరు రావాలంటే వారికి తెలియాలి కదా. అమెరికాలో మొదటి విమానాశ్రయంలో ప్రవేశ తనిఖీకి, సామాను తిరిగి తీసుకుని మళ్లీ అప్పగించడానికి కనీసం మూడు గంటలైనా వదలండి.

డబ్బు

మొదటి భత్యం చేతికి రావడానికి వారాలు పట్టవచ్చు. ఒక నెల గడిచేంత డబ్బు, కొంత నగదుగా, కొంత అంతర్జాతీయ వాడకానికి తెరిచిన కార్డులో ఉండాలి. పది వేల డాలర్లకు మించి నగదు వెంట ఉంటే సరిహద్దు అధికారులకు చెప్పి తీరాలి. ఇంటి అద్దెకు, కారుకు, బీమాకు ముందే డిపాజిట్లు కట్టవలసి వస్తుంది. జూనియర్ అధికారులు ఈ విషయం నోరు తెరిచి అడగరు. మీరే అడగండి, అప్పు అవసరమైతే రెజిమెంటు నిధి నుంచో సంక్షేమ నిధి నుంచో ఏర్పాటు చేయించండి.

కుటుంబం

దాదాపు ఏడాది సాగే స్టాఫ్ కాలేజీ, వార్ కాలేజీ వంటి కోర్సులకు కుటుంబాన్ని తీసుకెళ్లడం మామూలే. కొద్ది నెలల కోర్సుకు అనుమతి లేకపోవచ్చు, ఉన్నా అది తెలివైన పని కాదు. అనుమతి ఉన్నప్పుడు కూడా అధికారి ముందుగా వెళ్లి, ఇల్లు కుదిరాక కుటుంబాన్ని పిలిపించుకోవడమే మంచిదని నా అభిప్రాయం. కుటుంబ సభ్యులందరికీ ఆరోగ్య బీమా తప్పనిసరి. గర్భిణి అయితే ఆ ఖర్చు బీమాలో ఉందో లేదో ప్రీమియం కట్టకముందే లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి.

పిల్లల బడి చేరికకు టీకాల రికార్డు కావాలి. మన ఊరి ఆసుపత్రి ఇచ్చిన పసుపు కార్డును వైద్యుడి చేత ఆంగ్లంలో, నెలలు అక్షరాల్లో ఉండేలా కొత్తగా రాయించుకోవాలి. చంటిబిడ్డను కారులో ఒంటరిగా వదిలి దుకాణంలోకి వెళ్లడం, పిల్లవాడిని నలుగురిలో కొట్టడం, భార్య మీద చేయి చేసుకోవడం అక్కడ పోలీసులు వచ్చే విషయాలు. ఈ మాటలు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పండి. భర్తకు మాత్రమే చెబితే ఇంటికి చేరవు. ఆపద వస్తే 911కు ఫోను చేయడం భార్యకూ, పెద్ద పిల్లలకూ నేర్పాలి.

పచ్చళ్ల సంగతి కూడా ఇక్కడే. తినే పదార్థం ఏది వెంట ఉన్నా ప్రవేశ పత్రంలో ఉందని చెప్పాలి. చెప్పి కోల్పోతే సీసా పోతుంది, చెప్పకుండా దొరికితే జరిమానా పడుతుంది. పచ్చి కరివేపాకు, తాజా పండ్లు, మాంసం పచ్చడి అసలు పెట్టవద్దు.

ప్రయాణానికి ముందు ముఖాముఖి

ఈ సమావేశానికి సగం రోజు కేటాయించండి. గతంలో అదే కోర్సు చేసి వచ్చిన అధికారిని పిలవండి. ఒకే దస్త్రంలోని కాగితాలు చదివి సంతకం పెట్టించుకోవడాన్ని ముఖాముఖి అనకూడదు.

చట్టం గురించి మొదట చెప్పాలి. ఏ-2 వీసా ఉన్నంత మాత్రాన రాయబారికి ఉండే రక్షణ విద్యార్థికి ఉండదు. మద్యం తాగి కారు నడిపితే అరెస్టు, కోర్టు, చాలాసార్లు కోర్సు నుంచి తిరుగు ప్రయాణం. ఎర్ర దీపాలు వెలిగించి ఆగిన బడి బస్సును దాటకూడదన్నది మనకు కొత్త నియమం. స్వదేశంలోని అంతర్జాతీయ డ్రైవింగ్ అనుమతి పత్రం వెంట ఉన్నా, రాష్ట్రాన్ని బట్టి స్థానిక లైసెన్సు తీసుకోవలసి రావచ్చు. పోలీసు కారు ఆపితే స్టీరింగు మీద చేతులు కనిపించేలా ఉంచి, అడిగేదాకా కదలకుండా కూర్చోవాలి. మన అలవాటు ప్రకారం దిగి వెళ్లి సంజాయిషీ చెప్పుకోవడం అక్కడ ప్రమాదకరం.

మహిళా సహచరుల పట్ల ప్రవర్తన గురించి నసగకుండా చెప్పండి. మహిళా శిక్షకురాలు, హోదాలో పైన ఉండే మహిళా అధికారి అక్కడ మామూలు విషయం. తమాషాగా అన్న మాట కూడా ఫిర్యాదు కావచ్చు, ఫిర్యాదు నిజమని తేలితే కోర్సు ముగిసిపోతుంది.

తరగతి పద్ధతి మరో విషయం. శిక్షకుడు చెప్పేది విని రాసుకోవడం మన అలవాటు. అక్కడ చిన్న బృందాల్లో చర్చ జరుగుతుంది, కెప్టెన్ కల్నల్‌ను ప్రశ్నిస్తాడు, మౌనంగా ఉన్నవాడు చదవలేదని అనుకుంటారు. ప్రతి రాత్రి పదుల పేజీలు చదవాలి. ఇతరుల వాక్యాలను ఆధారం చెప్పకుండా వ్యాసంలో పెట్టుకోవడం దొంగతనంగా పరిగణిస్తారు, దానికి క్షమాపణ సరిపోదు. వెళ్లేలోగా రెండు వ్యాసాలు రాయించి, ఆధారాలు చూపే పద్ధతిలో దిద్ది ఇవ్వండి.

దేశం గురించి మాట్లాడమని కూడా అడుగుతారు. ఇరవై నిమిషాల ప్రసంగం, కొన్ని ఫోటోలు, పండుగ దుస్తులు సిద్ధం చేసుకోవాలి. విద్యార్థులను అమెరికా సమాజాన్ని చూపే పర్యటనలకు, కోర్టులకు, శాసనసభలకు, స్థానిక కుటుంబాల ఇళ్లకు తీసుకెళ్లే క్షేత్ర అధ్యయన కార్యక్రమం కోర్సులో భాగమే. దాన్ని సెలవుగా భావించి ఎగ్గొట్టవద్దని చెప్పండి. ఆతిథ్యమిచ్చే కుటుంబానికి ఇవ్వడానికి కొండపల్లి బొమ్మలో, పోచంపల్లి చేతి రుమాళ్లో రెండు మూడు పెట్టెలో ఉంటే చాలు, ఖరీదైనవి అక్కర్లేదు.

కళాశాలలో ఫోటోలు తీయకూడని చోట్లు ఉంటాయి, విదేశీయులకు ఇవ్వకూడని పాఠ్యభాగాలు ఉంటాయి. కొన్ని గంటల పాటు తరగతి బయట కూర్చోమంటే నొచ్చుకోకూడదు. సికింద్రాబాద్ సైనిక్‌పురిలోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌కు విదేశీ అధికారులు వస్తారు. వియత్నాం జలాంతర్గామి సిబ్బంది విశాఖపట్నంలోని ఐఎన్ఎస్ శాతవాహనలో శిక్షణ పొందారు. మన దగ్గర చదివేవారికి మనం పెట్టే హద్దులు మనకు సహజంగా కనిపిస్తాయి. అవే హద్దులు అక్కడ మనకు ఎదురవుతాయి. వారు మన బజారులో దారి అడిగినప్పుడు మనం ఎలా సాయం చేశామో, మన అధికారి కూడా అలాంటి సాయమే అడగవలసి ఉంటుందని గుర్తుచేయండి.

చేరాక, తిరిగి వచ్చాక

ప్రతి శిక్షణ కేంద్రంలోనూ విదేశీ సైనిక విద్యార్థుల అధికారి ఒకరు ఉంటారు. ఆమె లేదా ఆయన పేరు, ఫోను నంబరు, రాత్రివేళ నంబరు ఒక చిన్న కార్డు మీద రాసి విద్యార్థి జేబులో పెట్టించండి. మొదటి మూడు రోజుల్లో ఆ కార్యాలయానికి రిపోర్టు చేయడం, గుర్తింపు కార్డు తీసుకోవడం, ఇంటికి ఫోను చేయడం, నిద్ర సరిచేసుకోవడం తప్ప వేరే పని పెట్టుకోవద్దు. మీరు నెలకోసారి పలకరించండి. చదువులో వెనుకబడుతున్నట్టు కళాశాల రాస్తే కోపగించకుండా, ఇంట్లో ఏమైనా జరిగిందా అని ముందు అడగండి. ఒకసారి తండ్రి అనారోగ్యం వార్త వల్ల కుంగిపోయిన అధికారిని, ఊళ్లోని ఆయన అన్నగారి చేత రోజూ ఫోను చేయించి నిలబెట్టగలిగాం.

మరో కోర్సు చేయాలని అక్కడికక్కడే అడగడం, గడువు పొడిగించమనడం విద్యార్థి పని కాదు, అది దేశం నుంచి అధికారిక దారిలో వెళ్లాలి. కోర్సు పుస్తకాలను, నోట్సును కళాశాల విడిగా స్వదేశానికి పంపే ఏర్పాటు ఉంటుంది, వాటిని ఎలా అప్పగించాలో వచ్చే ముందు వారమే అడిగి తెలుసుకోవాలి.

తిరిగి వచ్చిన పది రోజుల్లో, జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడే, అధికారి చేత రెండు కాగితాలు రాయించండి. ఒకటి పై అధికారులకు వెళ్లే నివేదిక. రెండవది, మర్యాదలు పక్కన పెట్టి, తన తర్వాత వెళ్లే అధికారికి రాసే ఉత్తరం: ఏ చలికోటు పనికొచ్చింది, ఏ సబ్జెక్టులో రాత్రులు నిద్ర లేదు, భత్యం ఏ తేదీకి అందింది, పిల్లల బడి ఎంత దూరం, ఏది తీసుకెళ్లడం వృథా. నా బల్ల సొరుగులో అలాంటి ఉత్తరాలు పెరిగేకొద్దీ ముఖాముఖిలో నేను మాట్లాడవలసిన సమయం తగ్గింది. కొత్త అధికారికి ఉత్తర్వు కాపీతో పాటు ఆ ఉత్తరాన్ని కూడా చేతికిచ్చి, రాసిన అధికారి ఫోను నంబరు ఆయన అనుమతితో ఇచ్చేవాడిని.